జీతగాడు సిద్ధంగా ఉన్నాడు

ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో చాలావాటికి కంప్యూటర్ మీదో, కరెంటు మీదో నెపం వేసి బయటపడ్డాను. ఒక్కదానికి మాత్రం ఆ వీలు లేకపోయింది. ఈ మధ్య సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఎవరినైనా నొప్పించే పాత మాటలు మార్చాలా, వద్దా అని మీటింగులు జరుగుతున్నాయనీ, సగం మంది వాటిని పనిలేని పని అని నవ్వుకుంటున్నారనీ మా మేనల్లుడు చెప్పాడు. ఆ నవ్వే సగంలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. అందుకే ఇది ఆ నవ్వేవాళ్ల కోసం రాస్తున్నాను.

నాది విజయనగరం వైపు. అక్కడ ఒక ప్రెస్సులో పదేళ్లు ప్రూఫులు దిద్ది, సికింద్రాబాద్ వచ్చి డీటీపీ నేర్చుకుని, నలభై దాటాక ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. వైటూకే గొడవ చల్లారి, ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వేలాడుతున్న రోజులు. నగరం ఆ చివర అద్దాల మేడలు లేస్తుంటే, మా కంపెనీ రాంగోపాల్‌పేట్‌లో ఒక ఇనుప సామాన్ల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉండేది. కింద పైపులు కోస్తుంటే పైన మా బల్లలు వణికేవి. అందరం కలిపి పద్నాలుగు మందిమి.

తెర మీద కనిపించే తెలుగు రాయడం, వాడేవాళ్ల కోసం పుస్తకం తయారు చేయడం నా పని. ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ రాయమంటే చెమటలు పట్టేవి. అందుకని తెలుగు మాటల విషయంలో చివరి నిర్ణయం నాదేనని మా మేనేజరు అందరి ముందూ చెప్పేశాడు. పదేళ్లపాటు ఇతరుల తప్పులు దిద్దినవాడికి అలాంటి అధికారం ఇవ్వకూడదు. నాకది బాగానే తలకెక్కింది.

ఆ ఏడు మాకు ఒక పాల సంఘం పని వచ్చింది. ఊళ్లలో పాల సెంటర్లుంటాయి. పొద్దునా సాయంత్రం రైతులు పాలు పోస్తారు. ఎవరు ఎన్ని లీటర్లు పోశారో, వెన్న శాతం ఎంతో సెంటర్ నడిపే మనిషి రాసుకుంటాడు. ఇక నుంచి ఆ వివరాలు సెంటర్‌లోని కంప్యూటర్‌లో ఎక్కించాలి. సంఘం ఆఫీసులోని పెద్ద కంప్యూటర్ ఫోన్ లైను మీద ఒక్కొక్క సెంటర్‌నూ పిలుస్తుంది. పిలిచినప్పుడే సెంటర్ జవాబివ్వాలి. తనంతట తాను మాట్లాడకూడదు. ఇలాంటి అమరికలో పిలిచేదాన్ని మాస్టర్ అనీ, జవాబిచ్చేదాన్ని స్లేవ్, అంటే బానిస అనీ అనడం అప్పట్లో ప్రపంచమంతా ఉన్న అలవాటు. ప్రోగ్రాములో ఏ పేరున్నా ఊళ్లో మనిషికి పట్టదు. కానీ మా తెర మొత్తం తెలుగులో ఉండాలని ఒప్పందం. ఆ రెండు మాటలకు తెలుగు చెప్పవలసినవాణ్ణి నేను.

మొదట "యజమాని, సేవకుడు" అని రాశాను. మేనేజరు చూసి, "భజన మండలిలా ఉందండీ, కొంచెం నేటివ్‌గా రాయండి," అన్నాడు. అప్పుడు మా ప్రోగ్రామరు, రాంగోపాల్‌పేట్‌లోనే పుట్టి పెరిగినవాడు, తెర మీంచి తల తిప్పకుండా ఒక మాట విసిరాడు.

"దొర, జీతగాడు అని పెట్టు సార్. ఊర్లోళ్లకు ఫట్‌మని సమజైతది."

నాకు వెంటనే నచ్చింది. మా వైపు దొర అంటే పాత కథల్లో గుర్రమెక్కే తెల్లదొర. ఇక జీతగాడంటే జీతం తీసుకునేవాడు. నెల మొదట్లో జీతం కోసం చూసే నేనూ జీతగాణ్ణే కదా అనుకున్నాను. పొలంలో ఏడాదికి కుదిరి పనిచేసేవాణ్ణి మా వైపు కంబారి అంటారు. తెలంగాణలో ఆ కంబారిని జీతగాడంటారని నాకు తెలియదు. తెలుసుకోవాలని తోచనూ లేదు.

వారం రోజుల్లో తెరలన్నీ తయారయ్యాయి. సెంటర్ కంప్యూటర్ తెరవగానే "జీతగాడు సిద్ధంగా ఉన్నాడు" అని వచ్చేది. ఆ తర్వాత "దొర పిలుపు కోసం ఎదురు చూడండి." ఆఫీసు వైపు "జీతగాడు జవాబివ్వలేదు. మళ్లీ పిలవమంటారా?" ఒక సెంటర్‌ను జాబితాలోంచి తీసేయాలంటే "జీతగాణ్ణి తొలగించు" అని ఒక బొత్తం. వాక్యాలు చిన్నవి, వ్యాకరణం శుద్ధం. పుస్తకం రెండు వందల ప్రతులు అచ్చు వేయించాను. చివరి పేజీలో "తెలుగు రచన" అని నా పేరు చిన్న అక్షరాల్లో ఉంది. అది మాత్రం నేనే వేయించుకున్నాను.

తప్పులు పట్టే పని ఒక అమ్మాయిది. నేరేడ్‌మెట్ నుంచి బస్సులో వచ్చేది, మాటలు తక్కువ. దొరికిన ప్రతి తప్పునూ ఒక పట్టికలో రాసి, అది ఎంత పెద్దదో పక్కన పెట్టేది. సంబంధించినవాళ్లు దాన్ని సరిచేసి "ముగిసింది" అని గుర్తు పెట్టాలి. ఒక సోమవారం నా పేరుకెదురుగా కొత్త వరుస కనిపించింది. "దొర, జీతగాడు అన్న మాటలు వాడరాదు. తీవ్రం."

పాలలెక్క తలకిందులైతే తీవ్రం. కంప్యూటర్ ఆగిపోతే తీవ్రం. మాట తీవ్రమేమిటి? "ఇది లోపం కాదు, సూచన" అని రాసి ముగించాను. మర్నాడు మళ్లీ తెరుచుకుని ఉంది. మళ్లీ ముగించాను. బుధవారం మూడోసారి తెరిచింది. ఈసారి నేనే లేచి ఆమె బల్ల దగ్గరకు వెళ్లాను.

"ఏటమ్మా ఇది? ఆడుకుంటున్నామా?"

"లే సార్. అది నిజంగనే తప్పు."

"ఎక్కడ ఫెయిలైంది చూపించు."

"సాఫ్ట్‌వేర్ ఫెయిల్ కాదు సార్."

ఇలా కాదని మేనేజరు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. ఆయనకు శిక్షణ తేదీ ముంచుకొస్తోంది. "టూ మినిట్స్‌లో తేల్చండి," అన్నాడు. అరగంట పట్టింది.

ఆ అమ్మాయి సూటిగానే చెప్పింది. "మా దిక్కు జీతగాడంటే నెల జీతం తీస్కునేటోడు కాదు సార్. దొర ఇంట్ల ఏడాదికి కట్టుబడి ఉండేటోడు. పొద్దు పొడవకముందు పోవాలె, అందరు తిన్నంక తినాలె. సెంటర్లల్ల పనిచేసేటోళ్లు సగం మంది అసువంటి ఇండ్లనుంచి వచ్చినోళ్లే ఉంటరు. ఆళ్లు రోజూ దాని ముంగట కూసోవాలె."

నేను ముందే సిద్ధంగా ఉన్నాను. ఇంటి నుంచి మోసుకొచ్చిన లావుపాటి నిఘంటువు తెరిచి, "జీతము తీసుకొని పనిచేయువాడు" అని చదివి వినిపించాను.

"ఆ బుక్కుల మా ఊరు లేదు సార్," అంది.

మా ప్రోగ్రామరు పక్క గదిలోకి వెళ్లి, పాడైపోయిన ఒక హార్డ్ డిస్క్ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. దాని మీద అంటించిన కాగితంపై మాస్టర్, స్లేవ్ అని రెండు అమరికలూ అచ్చేసి ఉన్నాయి. "చూడు, దునియా మొత్తం గిదే రాసుకున్నరు. ఎవ్వనికి లేని పరేషానీ మనకెందుకు?"

"అది డబ్బా లోపట ఉంటది. ఎవ్వరు చదవరు. ఇది ముంగట ఉంటది," అంది ఆ అమ్మాయి.

మేనేజరు నా వైపు చూశాడు. మారిస్తే ఎంత పని అని అడిగాడు. తెరల్లో మార్చడం ఒకటిన్నర రోజు పని. పుస్తకాలు మాత్రం మళ్లీ వేయించాలి. నా మనసులో ఉన్నది ఆ పుస్తకాలే. నా పేరుతో అచ్చయిన మొట్టమొదటి పుస్తకం తప్పని నేనే ఎలా ఒప్పుకోను? "భాషాపరంగా దోషం లేదండి. ఉంచుదాం," అన్నాను. మీటింగ్ అయిపోయింది.

మెట్లు దిగుతుంటే ప్రోగ్రామరు నెమ్మదిగా అన్నాడు. "ఆమె ఇంట్ల ఏదో కథ ఉండి ఉంటది సార్. వాళ్ల నాయిన గిట్ల జీతం ఉన్నడేమో. లేకుంటే గింత పట్టుదల ఎందుకు?"

అది నాకు సరిగ్గా అతికినట్టు అనిపించింది. మనిషికి సొంత గాయం ఉంటే తప్ప ఇంత మాట్లాడదు అనుకున్నాను. సాయంత్రం ఆమె బస్సుకు బయల్దేరుతుంటే ఆపి, పెద్దరికంగా, గొంతు మెత్తబరచుకుని ఒక ఉపన్యాసం ఇచ్చాను. "చదువుకున్నావు, మంచి ఉద్యోగం చేస్తున్నావు. ఇంట్లోవాళ్లు పడ్డ పాత కష్టాలు మనసులో పెట్టుకోకూడదమ్మా. ముందుకు చూడాలి."

ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. ఏదో అనబోయి మానేసి, "సరే సార్," అని మెట్లు దిగిపోయింది. ఆ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

శిక్షణ సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో పాల సంఘంవాళ్ల హాల్లో పెట్టారు. పొద్దున పది గంటలకు ముప్ఫై మంది దాకా వచ్చారు. కొందరు తెల్లవారుజామున పాలు పట్టి, లెక్క రాసి, తొలి బస్సు ఎక్కి వచ్చినవాళ్లు. పాఠం ఆ అమ్మాయి చెప్పాల్సింది. కానీ నా తెలుగు ఎంత బాగా అర్థమవుతుందో నిరూపించుకోవాలని నేనే చెప్తానన్నాను. ఆమె పక్కన కంప్యూటర్ దగ్గర కూర్చుంది.

గోడ మీద వెలుగు పడింది. "జీతగాడు సిద్ధంగా ఉన్నాడు." వెనక వరుసల్లోంచి ఒక్కసారిగా నవ్వులు. నేను కూడా నవ్వాను. పాఠం రక్తి కట్టిందనుకున్నాను.

ముందు వరుసలో నలభై ఏళ్ల మనిషి ఒకాయన కూర్చున్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నేను అడిగిన ప్రతిదానికీ అందరికన్నా ముందు జవాబు చెప్తున్నాడు. మౌస్ పట్టుకోవడం కూడా పది నిమిషాల్లో పట్టుబడింది. అందుకే ఆయన్నే పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఆయన అయిదుగురు రైతుల పాలు తప్పు లేకుండా ఎక్కించాడు. తర్వాతి మెట్టు చెప్పడానికి నేను హాలంతా వినిపించేలా అన్నాను.

"ఇప్పుడు మీరు జీతగాడు. దొర పిలిచేదాకా ఏమీ చేయకూడదు. పిలవగానే లేచి జవాబివ్వాలి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒక్క క్షణం తర్వాత వెనక నుంచి ఆయన మండలానికే చెందిన ఒక యువకుడు గట్టిగా అన్నాడు.

"నీకేం కొత్తనే? పాత నౌకరే గద!"

అప్పుడు నవ్వారు. అందరూ కాదు గానీ హాలు నిండేంత మంది. ఆయన చేతులు కీబోర్డు మీంచి ఒళ్లోకి జారాయి. తిరిగి చూడలేదు, ఆ యువకుణ్ణి ఏమీ అనలేదు. లేచి, నేనిచ్చిన పుస్తకం తీసుకొచ్చి నా ముందు బల్ల మీద పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని బయటికి నడిచాడు.

నేను తెర పక్కన అలాగే నిలబడిపోయాను. ఆ అమ్మాయి లేచి నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"మీరు పోండ్రి సార్. క్లాసు నేను జూస్త."

రోడ్డు దాటి, ఆటోల సందులోంచి వెతికి, చివరికి బస్‌స్టాప్ పక్క ఇరానీ హోటల్ ముందు ఆయన్ని పట్టుకున్నాను. టీ తాగుదాం రమ్మన్నాను. రాననలేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. టీ వచ్చింది.

"మీ మిషన్ మంచిదే సార్," అని ఆయనే మొదలుపెట్టాడు. "చేతిరాతల తప్పులు వస్తయి, దీంట్ల రావు. కానీ గా పేరు ఉన్నన్ని దినాలు నేను దాని ముంగట కూసోను."

"నాది ఇక్కడ కాదండి. మా వైపు ఆ మాటకు ఆ అర్థం లేదు..."

ఆయన విన్నాడు. తర్వాత తన సంగతి చెప్పాడు. గొంతు పెంచలేదు. తండ్రి చనిపోయాక తొమ్మిదేళ్లకే దొర ఇంట్లో పశువుల దగ్గర పెట్టారట. పద్దెనిమిదేళ్లదాకా అక్కడే. బయటపడ్డాక బడి పంతులు ఒకాయన చేరదీసి ప్రైవేటుగా పదో తరగతి కట్టించాడట. పాల సెంటర్ పదకొండేళ్లుగా ఆయనే నడుపుతున్నాడు.

"ఇప్పుడు మా ఊళ్లె నన్ను పాల సెంటర్ సారు అంటరు. దొర ఇంటోళ్లు సుత పాలు పొయ్యనీకి వచ్చి సారు అనే అంటరు. గా ఒక్క మాటకు నాకు ఇరవయ్యేండ్లు పట్టింది. మీరు గోడ మీద రాసి ఒక్క పొద్దుల తీసేస్తిరి."

"నాకు తెలియదండి," అన్నాను మళ్లీ.

"తెల్వకుంటే అడగాలె గద సార్. ఎవ్వరు చెప్పలేదా మీకు?"

లేదు అనడం చాలా సులువు. నోటిదాకా వచ్చింది కూడా. ఎందుకో ఆ మనిషి ముందు అనలేకపోయాను.

"చెప్పారు," అన్నాను.

"చెప్పిన్రా?"

"మూడుసార్లు."

ఆయన సాసర్‌లో మిగిలిన టీ తాగి, కప్పు దాంట్లో బోర్లించాడు. బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు.

నేను తిరిగి వెళ్లేసరికి క్లాసు అయిపోతోంది. ఆ అమ్మాయి ఆ రెండు మాటలూ ఒక్కసారి కూడా పలకకుండా మిగతా పాఠమంతా చెప్పిందట. "ఆఫీసు పిలుస్తది, సెంటరు జవాబిస్తది," అని చెప్తుంటే నేను గుమ్మంలో నిలబడి విన్నాను. అందరూ తలలూపుతున్నారు. నేను నిఘంటువుల్లో వెతికిన మాటలు వాళ్ల నోళ్లలోనే ఉన్నాయి.

ఆఫీసుకు వచ్చాక ఆమె సొరుగులోంచి నాలుగు కాగితాలు తీసి ఇచ్చింది. ఏ తెరలో, ఏ వాక్యంలో, పుస్తకంలో ఏ పేజీలో మార్చాలో మొత్తం జాబితా. మీటింగ్ జరిగిన రోజే రాసి పెట్టుకుందట. మా ప్రోగ్రామరుకు జరిగింది చెప్పాను.

"నేను మజాక్‌కు అన్న సార్. గిట్లయితదని అల్లాకసమ్ తెల్వది," అన్నాడు. పుట్టింది కోమట్ల ఇంట్లో అయినా ఒట్టు పెట్టాలంటే వాడికి ఆ మాటే వచ్చేది. ఆ సాయంత్రమే పని మొదలుపెట్టి మర్నాటికి ముగించాడు. మూడో రోజు ఉస్మానియా బిస్కెట్ల పొట్లం తెచ్చి ఆ అమ్మాయి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

పుస్తకాలు మళ్లీ వేయించడానికి మేనేజరు ఒప్పుకోలేదు. "ఆఫీసు", "సెంటరు" అని చిన్న చీటీలు అచ్చు వేయించి, ముగ్గురం కూర్చుని రెండు వందల ప్రతుల్లోనూ అతికించాం. నాలుగు రోజులు పట్టింది. వేళ్లకు జిగురు పట్టి అన్నం కలుపుకోవడానికి కూడా వచ్చేది కాదు. ప్రోగ్రాము లోపల మాస్టర్, స్లేవ్ అలాగే ఉండిపోయాయి. అంతవరకు వెళ్లే ధైర్యం గానీ, తీరిక గానీ మాకు లేకపోయాయి. అది కూడా దాచకుండా చెప్పాలి.

అక్కడితో అయిపోతే దీన్ని నేను ఇంత గుర్తు పెట్టుకునేవాణ్ణి కాదేమో. వారం తర్వాత పాల సంఘం అధికారి ఫోన్ చేశాడు. ఆ తెల్ల చొక్కా ఆయన కంప్యూటర్ మీద పనిచేయనని రాసిచ్చాడట. సెంటర్‌ను హాల్లో ఆయన్ని వెక్కిరించిన ఆ యువకుడికే అప్పగించేశారట. నేను మర్నాడే వెళ్లాను.

"మాటలు మార్చేశామండి. ఆయన్ని మళ్లీ పెట్టుకోండి," అన్నాను.

"కంప్యూటర్ వద్దన్నోనికి సెంటర్ ఎట్లిస్తం? కాయితం ఉన్నది నా తాన," అన్నాడు అధికారి. తర్వాత కొంచెం ఆలోచించి, "తప్పు మీ సాఫ్ట్‌వేర్‌ల ఉండె, ఆయనది కాదు అని కంపెనీ నుంచి రాసియ్యి. అప్పుడు పైన మాట్లాడ్త," అన్నాడు.

మా మేనేజరు ససేమిరా అన్నాడు. "ఆర్ యూ మ్యాడ్? డెఫెక్ట్ ఉందని మన లెటర్‌హెడ్ మీద మనమే రాసిస్తే రేపు ప్రతిదానికీ అదే చూపిస్తారు. ప్రాజెక్టు అప్పగించేదాకా ఒక్క కాగితం బయటికి పోకూడదు." ఆయన కోణంలో తప్పు లేదు. పద్నాలుగు మంది జీతాలు ఆయన మీద ఉన్నాయి.

రెండు రోజులు తటపటాయించాను. మూడో రోజు తెల్ల కాగితం మీద, నా ఇంటి చిరునామాతో, నేనే రాశాను. ఆ మాటలు ఎంచినది నేను, తగవని తోటి ఉద్యోగి మూడుసార్లు చెప్పినా తోసేసింది నేను, హాల్లో ఆయన్ని ఆ మాటతో పిలిచింది కూడా నేనే, ఆయన నిరాకరించింది కంప్యూటర్‌ను కాదు, ఆ పేరును అని. ఇలాంటి ఉత్తరం రాస్తుంటే ప్రూఫులు దిద్దిన అనుభవం ఎందుకూ పనికిరాదు. పదిసార్లు చింపాను.

నెలన్నర తర్వాత ఆయన సెంటర్ ఆయనకు తిరిగొచ్చింది. ఈలోపు ఆ యువకుడు లెక్కలు కలగాపులగం చేసి రైతులచేత తిట్లు తిన్నాడు. నా ఉత్తరం పనిచేసిందో, ఆ తిట్లే పనిచేశాయో కచ్చితంగా చెప్పలేను. ఉత్తరం సంగతి మాత్రం మేనేజరుకు తెలిసింది. ఆ ఏడు నాకు రావలసిన పై పోస్టు నాకన్నా చిన్నవాడికి వెళ్లింది. నాకేమీ బాధ కలగలేదని రాస్తే అబద్ధం. ఇంట్లో ఆ సంగతి చెప్పడానికే రెండు రోజులు పట్టింది.

కంప్యూటర్ పెట్టే రోజు ఆ ఊరికి నేనే వెళ్లాను. ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, ఆనందపడనూ లేదు. కుర్చీ చూపించాడు. "సెంటరు సిద్ధంగా ఉంది" అన్న అక్షరాలు వస్తే వేలితో చూపించి, "గిట్లుండాలె," అన్నాడు. తర్వాత, "ప్రింటు సగమే వస్తున్నది సార్, అది జూడుండ్రి," అన్నాడు. సాయంత్రం దాకా దాంతోనే సరిపోయింది. క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. బస్సెక్కేముందు మాత్రం, ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పొచ్చుననీ, తన పేరూ ఊరూ చెప్పవద్దనీ అన్నాడు.

రెండేళ్ల తర్వాత ఆ అమ్మాయికి నగరం ఆ చివర పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చివరి రోజు ఇద్దరం సికింద్రాబాద్ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ కోసం ఎదురు చూస్తున్నాం. అప్పుడు అడిగాను, ఎన్నాళ్లనుంచో గొంతులో ఉన్న మాట.

"ఆ రోజు నేను మీ ఇంటివాళ్ల కష్టాల గురించి ఏదేదో వాగాను. ఏమీ అనుకోకు. మీ నాన్నగారు జీతం ఉన్నారా?"

ఆమె నవ్వలేదు. "మా నాయినెందుకు ఉంటడు సార్? మాకు నలభై ఎకరాలుండె. మా తాతనే జీతగాళ్లను పెట్టుకునేటోడు."

"మరి అంత పట్టు ఎందుకు పట్టావు?" అన్నాను.

"ఒకాయన నన్ను రోజూ భుజాల మీద ఎక్కించుకొని బడికి తీస్కపోయేటోడు. వాగు దాటాలె సార్, వానాకాలం నడుముదాకా నీళ్లు. నాలుగేండ్లు మోసిండు. మా ఇంట్ల అందరు జీతగాడు వచ్చిండా, జీతగానికి అన్నం పెట్టుండ్రి, గిట్లనే అంటుండె. నేను గూడ అట్లనే పిలిచిన. మీరు రాసింది తెర మీద ఫస్ట్ చూసిననాడు నాకు ఆయన యాదికొచ్చిండు. పేరేందని అనుకుంటే, నాకు తెల్వదు. మా ఇంట్ల ఫోన్ చేసి అడిగితే ఆళ్లకు గూడ తెల్వదు."

రైలు వస్తోందని మైకులో చెప్పారు. జనం అంచు వైపు జరిగారు.

"తర్వాత తెలిసిందా?" అన్నాను.

"ఆ ఆదివారమే పోయిన సార్ ఊరికి. ఆయన సచ్చిపోయి శాన దినాలైంది. కొడుకున్నడు. మీ నాయిన పేరేందన్నా అని అడిగిన. చెప్పిండు. చెప్పి, ఇప్పుడెందుకమ్మా అన్నడు." ఆమె సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "మర్నాడు ఆఫీసుకొచ్చి పట్టికల తీవ్రం అని రాసిన."

రైలు ఆగింది. ఎక్కబోతూ, నేను అడగకుండానే, ఆ పేరు నాకు చెప్పింది. ప్లాట్‌ఫాం మీద రొద ఎక్కువగా ఉంది. ఆ పేరు నేను ఒకసారి పైకి పలికి, సరిగ్గానే విన్నానా అని అడిగాను.

"సరిగ్గనే విన్నరు సార్," అంది.